టోకెన్ అడ్వాన్స్‌కు ముందు

పాత కారు కొనేటప్పుడు మీకున్న బలమంతా టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేవరకే. ఐదువేలో పదివేలో ఫోన్‌లోంచి పంపిన మరుక్షణం మీరు మారిపోతారు. అప్పటిదాకా లోపాలు వెతికిన కళ్లే ఆ తర్వాత లోపాలకు సర్దిచెప్పడం మొదలుపెడతాయి. డోర్ మీద రంగు తేడాగా ఉంటే "హైదరాబాద్ ట్రాఫిక్‌లో గీత పడని బండి ఎక్కడుంటుందిలే" అనిపిస్తుంది. సర్వీస్ రికార్డు దొరకడం లేదంటే "పోనీ, ఇంజిన్ బాగుంది కదా" అనిపిస్తుంది. ఇచ్చింది చిన్న మొత్తమే. కానీ ఈలోపు ఇంట్లో చెప్పేసి ఉంటారు, ఆఫీసులో చెప్పేసి ఉంటారు, బండికి పూజ చేయించడానికి అమ్మానాన్న కరీంనగర్ నుంచో గుంటూరు నుంచో బయల్దేరడానికి సిద్ధమై ఉంటారు. ఇక మాట వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే.

అందుకే ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీదే. చూడాల్సినవి చూడటం, అడగాల్సినవి అడగటం, రాయించుకోవాల్సినవి రాయించుకోవడం, అన్నీ ఆ టోకెన్‌కు ముందే అయిపోవాలి.

గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో, నానక్‌రాంగూడలో ఉద్యోగం చేసేవాళ్లకు ఇది మరీ అవసరం. కారు చూడటానికి వాళ్లకు దొరికేది శని, ఆదివారాలే. డీలర్లకు ఆ సంగతి తెలుసు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి "ఇంకో పార్టీ రేపు పొద్దున్నే వస్తున్నారు సార్, మీకు నచ్చితే ఇప్పుడే చిన్న టోకెన్ వేసేయండి" అనే మాట వినిపిస్తుంది. ఆ పార్టీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మీ జవాబు మాత్రం ఒకటే ఉండాలి: "అన్నా, బండి నచ్చింది. మెకానిక్‌ని తీసుకొచ్చి చూపించాకే టోకెన్. ఈలోపు పోతే నాకు రాసిపెట్టలేదనుకుంటా." ఈ మాట నవ్వుతూ అనడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. హైదరాబాద్‌లో పాత కార్లకు కరువు లేదు. ఈ వారం పోయిన మోడల్, అదే రంగులో, రెండు వారాల్లో మరోచోట దొరుకుతుంది.

ఇంకో బలహీనత కూడా ఈ ప్రాంతపు చదువుకున్నవాళ్లలో చూస్తుంటాను. స్క్రీన్ మీద పచ్చ టిక్కులతో రిపోర్టు కనబడితే నమ్మేస్తారు. ఇంజిన్‌కు ఇన్ని మార్కులు, సస్పెన్షన్‌కు ఇన్ని మార్కులు అని ఉంటే ఇక మనం చూడటానికేముంది అనుకుంటారు. తాను రాసిన కోడ్‌ను తానే రివ్యూ చేసుకుని ప్రొడక్షన్‌లోకి పంపిస్తానంటే మీ టీమ్‌లో ఎవరూ ఒప్పుకోరు. అమ్మేవాళ్లు చేయించిన తనిఖీ కూడా అలాంటిదే. చదవండి, పనికొస్తుంది. దాని పక్కన మీ మనిషి చేసిన తనిఖీ ఒకటి ఉండాలి.

ఎవరి దగ్గర కొనాలి

కార్ల కంపెనీలే నడిపించే పాత కార్ల షోరూంలు ఉన్నాయి. మారుతి 2001లోనే ట్రూ వాల్యూ మొదలుపెట్టింది, హ్యుందాయ్‌కీ టొయోటాకూ అలాంటివే ఉన్నాయి. 2015లో పుట్టిన కార్స్‌24, స్పిన్నీ లాంటి ఆన్‌లైన్ సంస్థలున్నాయి. మియాపూర్, కొండాపూర్, అత్తాపూర్ వైపు సొంతంగా వ్యాపారం చేసుకునే డీలర్లున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీకు నమ్మకమైన మెకానిక్ ఎవరూ తెలియకపోతే, ఇది మీ మొదటి కారైతే, కాస్త ఎక్కువైనా వారంటీ కాగితం మీద ఇచ్చేవాళ్ల దగ్గర కొనండి. మెకానిక్ తోడుంటే బయటి డీలర్ దగ్గర మంచి బండి తక్కువకు దొరుకుతుంది. ఎక్కడ కొన్నా వారంటీ కాగితాన్ని చివరి లైను దాకా చదవండి. చాలా వారంటీలు ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ పరిమితం. క్లచ్, బ్రేకులు, బ్యాటరీ, టైర్లు, సస్పెన్షన్ అందులో ఉండవు. మన రోడ్ల మీద ముందు పోయేవి అవే.

కాగితం మీద ఇచ్చే మాటకు అంత విలువ ఎందుకో ఒక ఆర్థికవేత్త బాగా చెప్పారు. జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్, 1967-68లో ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఏడాది గడిపిన మనిషి, 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం ప్రచురించారు. బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండి ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. అలా బజారులో చెడ్డవే మిగులుతాయి. దీనికి విరుగుడు సమాచారం, హామీ. ఈ ఆలోచనల కొనసాగింపుకే 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. అమెరికాలో 1985 నుంచి డీలర్ ప్రతి పాత కారు అద్దానికీ ఒక కాగితం అంటించాలి. వారంటీ ఉందా, ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతున్నారా అన్నది అందులో రాసి ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మొదటి కారు కొన్న మనవాళ్లకు ఆ కాగితం గుర్తుండే ఉంటుంది. గచ్చిబౌలిలో అలాంటి కాగితం ఎవరూ అంటించరు. కాబట్టి మీరే రాసుకెళ్లాలి. దాని నమూనా తర్వాత చెబుతాను.

మీటర్ చెప్పనిది

కారు చూడగానే అందరూ అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. మీటర్ వెనక్కి తిప్పడం ఎంత తేలికో తెలిసి కూడా అదే అడుగుతారు. రీడింగ్‌ను నమ్మాలంటే మూడు సాక్ష్యాలు కలవాలి. ఒకటి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లోని చరిత్ర. డీలర్లు దీన్నే "షోరూం ట్రాక్" అంటారు. బండి నంబర్ పట్టుకుని అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు మీరే వెళ్లి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసైందో అడగండి. డీలర్ చూపించే ప్రింటు ఒక్కటీ చాలదు. రెండు, టైర్లు. టైర్ పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడండి. 2321 అని ఉంటే అది 2021లో 23వ వారంలో తయారైంది. 2021 కారుకు 2024 టైర్లు నాలుగూ ఉండి, మీటర్ 22 వేలే చూపిస్తుంటే మొదటి టైర్లు ఏమయ్యాయో అడగాలి. మూడు, మనిషి ఒంటికి రాసుకునే చోట్లు: క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద తోలు, డ్రైవర్ సీటు కుడి అంచు. కొత్త సీట్ కవర్లు వేసి ఉంటే ఒక మూల ఎత్తి కింద చూడండి.

అయితే రీడింగ్ నిజమైనదే అనుకుందాం. ఐటీ కారిడార్‌లో బతికిన బండికి అది కూడా పూర్తి కథ చెప్పదు. సాయంత్రం ఆరున్నరకు బయోడైవర్సిటీ జంక్షన్ దాటడానికి పట్టే సమయం మీకు తెలుసు. ఆ ట్రాఫిక్‌లో రోజూ హాఫ్ క్లచ్ మీద పాకిన కారు 30 వేల కిలోమీటర్లకే, విజయవాడ హైవే మీద 60 వేలు తిరిగిన కారుకన్నా అలసిపోయి ఉండొచ్చు. కిలోమీటర్లు తక్కువ, ఇంజిన్ నడిచిన గంటలు ఎక్కువ. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న దారి ఉంది. చాలా కార్ల డిస్‌ప్లేలో సగటు వేగం కనిపిస్తుంది. ఎవరూ రీసెట్ చేయకపోతే ఆ అంకె నిజం చెబుతుంది. గంటకు 15 కిలోమీటర్ల దగ్గర ఉంటే ఆ బండి జీవితం సిగ్నళ్ల దగ్గరే గడిచిందన్నమాట. అలాంటప్పుడు క్లచ్ మార్చడానికయ్యే ఖర్చు బేరంలో తగ్గించమనండి. డీజిల్ అయితే మరో జాగ్రత్త కావాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది పట్టిన మసిని కాల్చేసుకోవాలంటే అప్పుడప్పుడు హైవే వేగంతో నడవాలి. ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఐదారు కిలోమీటర్లు మాత్రమే తిరిగిన డీజిల్ కారులో ఆ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. మార్చాలంటే చాలా ఖర్చు. డీజిల్ కారు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకుండా పెరిగిందంటే నాకైతే అనుమానమే.

ఇక్కడ తరచూ వినిపించే కథ ఇంకోటి: "ఓనర్ ఆన్‌సైట్ వెళ్లిపోతున్నారు సార్, అందుకే అర్జెంటుగా అమ్ముతున్నారు." నిజంగా అలా అమ్మేవాళ్లు ఈ ప్రాంతంలో చాలామందే ఉన్నారు, వాళ్ల బండ్లు బాగానే ఉంటాయి కూడా. కథ నిజమైతే ఓనర్‌తో ఒక్క ఫోన్ కాల్ మాట్లాడించడానికి డీలర్‌కు అభ్యంతరం ఉండకూడదు. ఆ కాల్‌లో ధర గురించి మాట్లాడకండి. బండి ఎప్పుడైనా వారం రోజులు షెడ్డులో ఉందా, ఆఖరి సర్వీస్ ఎక్కడ చేయించారు, సెల్లార్‌లో పెట్టేవారా రోడ్డు మీద పెట్టేవారా అని అడగండి.

క్యాబ్‌గా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకు మారిన బండ్లు కూడా వస్తాయి. ఆర్సీ చరిత్రలో రవాణా వాహనం అని ఎప్పుడైనా ఉందేమో చూడండి. నంబర్ ప్లేట్ చుట్టూ, డోర్ల మీద స్టిక్కర్లు పీకిన జాడలు, స్పీడ్ గవర్నర్ తీసేసిన వైర్లు మంచి మెకానిక్‌కు కనిపిస్తాయి.

నీళ్లు తాగిన బండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే పాత కారులో డెంటు కనిపిస్తుంది, శబ్దం వినిపిస్తుంది, నీళ్లు మాత్రం ఆరిపోతాయి. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో కురిసిన వానకు కాలనీలకు కాలనీలే మునిగాయి, కార్లు బొమ్మల్లా కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. చెన్నై 2023 డిసెంబర్‌లో మునిగింది. అంత పెద్ద వరదే అక్కర్లేదు. ఒక గట్టి వానకు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడడుగుల నీళ్లు నిలబడితే చాలు.

మునిగిన కారు మరమ్మతు ఖర్చు, పాలసీలో రాసిన బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని పూర్తి నష్టం కింద లెక్కగట్టి యజమానికి డబ్బు ఇచ్చేస్తుంది. ఆ బండి వేలంలో పోతుంది. కొన్ని విడిభాగాలుగా విడిపోతాయి. కొన్నింటిని ఆరబెట్టి, కడిగి, పాలిష్ చేసి మళ్లీ అమ్మకానికి పెడతారు, తరచుగా వేరే ఊళ్లో. నీళ్లలో నానిన వైర్ల కనెక్టర్లు ఆరు నెలలకో ఏడాదికో పచ్చగా తుప్పు పడతాయి. అప్పుడు మొదలవుతాయి కష్టాలు: పవర్ స్టీరింగ్ ఒక రోజు పనిచేసి మరో రోజు మానేస్తుంది, అద్దాలు దిగవు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరదు. ప్రమాదంలో ఆ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం ఎవరూ ఇవ్వలేరు. ఈ ఒక్క కారణంతోనే, ఎంత తక్కువకు వచ్చినా మునిగిన బండి వద్దంటాను.

కనిపెట్టడం ఇలా. నాలుగు సీట్ బెల్టులనూ ఆఖరు దాకా బయటికి లాగండి. మామూలుగా లోపలే ఉండిపోయే ఆ చివరి మూర మీద బురద చార ఉందేమో, రంగు మారిందేమో చూడండి. సీట్ కవర్లు మార్చడం గుర్తుండేవాళ్లకు కూడా బెల్టు చివర కడగడం గుర్తుండదు. సీట్లు జరిగే పట్టాల కింద, డాష్‌బోర్డు కింద ఉన్న బోల్టుల తలల మీద తుప్పు చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో మట్టి ఉందేమో వేలితో తడమండి. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. కారు తలుపు తీయగానే ఘాటైన సెంటు వాసన ముంచెత్తితే అద్దాలన్నీ మూసి, ఎండలో పది నిమిషాలు ఉంచి మళ్లీ తెరవండి. ఆ తర్వాత తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి. ఎయిర్‌బ్యాగ్ లైటు, ఏబీఎస్ లైటు, ఇంజిన్ లైటు వెలగాలి. మొదటి రెండూ కాసేపటికి ఆరాలి, ఇంజిన్ లైటు స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో ఆ లైటును కావాలని పని చేయకుండా చేశారేమోనని అనుమానించాలి.

కారు చెప్పకపోయినా బీమా పాలసీ చెబుతుంది. పాత పాలసీ కాగితం అడిగి నో క్లెయిమ్ బోనస్ దగ్గర ఏముందో చూడండి. క్లెయిమ్ చేయని యజమానికి అది ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. నాలుగేళ్లుగా ఒకే యజమాని దగ్గరున్న కారు పాలసీలో ఆ బోనస్ సున్నా అని ఉంటే అంతకుముందు ఏడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. "నాన్ యాక్సిడెంట్ బండి సార్" అని చెప్పిన డీలర్‌ను అప్పుడు అడగండి, ఆ క్లెయిమ్ దేనికి అని.

గుద్దుకున్న బండిని పట్టుకోవడం దీనికన్నా సులువు. డోర్ రబ్బరు బీడింగ్ కాస్త లాగి పిల్లర్ మీద కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయేమో చూడండి, బోనెట్ బోల్టులకు పానా పెట్టిన గుర్తులున్నాయేమో చూడండి. రంగు వేయించిన డోర్ ఒకటుంటే భయపడనక్కర్లేదు. పిల్లర్ మీదో చాసిస్ మీదో పని జరిగి ఉంటే వదిలేయండి.

నడిపి చూడటం

డీలర్ మీరొచ్చేసరికే ఇంజిన్ వేడెక్కించి ఉంచితే వెనక్కి వచ్చేసి మరో రోజు పొద్దున్నే వెళ్లండి. బోనెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే బ్యాటరీ సంగతి, పొగ రంగు, ఇంజిన్ శబ్దం బయటపడతాయి. షోరూం చుట్టూ ఒక రౌండు సరిపోదు. గచ్చిబౌలిలో ఉన్నవాళ్లకు మంచి దారే ఉంది. 2025 జూన్‌లో తెరిచిన పీజేఆర్ ఫ్లైఓవర్ ఎక్కి కొండాపూర్ వైపు వెళ్తే ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తెలుస్తుంది. ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. తిరిగి వస్తూ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పది నిమిషాలు పాకనివ్వండి, టెంపరేచర్ ముల్లు పైకి పోతుందేమో గమనించండి. ఆటోమేటిక్ కారైతే ఈ పాకుడే అసలు పరీక్ష. గేర్లు కుదుపుతో మారితే మెకానిక్‌కు చెప్పండి. హ్యాండ్ బ్రేక్‌ను సెల్లార్ ర్యాంప్ మీద చూడండి. రేడియో ఆపేయండి, సేల్స్ కుర్రాడిని మర్యాదగా "తమ్ముడూ, ఓ పది నిమిషాలు మాట్లాడకుండా విననీ" అనండి.

ఏ సంవత్సరం కారన్నది ధర కోసమే చూడకండి, ప్రాణం కోసం చూడండి. మన దేశంలో అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్‌కు అప్పటికే అమ్మకంలో ఉన్న మోడళ్లకు 2021 చివరిదాకా గడువిచ్చారు. పిల్లలతో ఔటర్ మీద తిరిగే కుటుంబమైతే 2022 లేదా ఆ తర్వాత తయారైన కారునే చూడమంటాను, దానికోసం ఒక మెట్టు చిన్న మోడల్‌కు దిగినా సరే. పెట్రోల్ కారైతే ఇంధన మూత దగ్గర ఈ20 స్టిక్కర్ చూడండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైనవాటిలో చాలావరకు 20 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. రబ్బరు పైపులు, గాస్కెట్లు ఎలా ఉన్నాయో మెకానిక్‌ను చూడమనండి.

కాగితాలు

2022 డిసెంబర్‌లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాలు అమ్మే డీలర్‌కు రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం ఉండాలి. దాని పేరు ఫారం 29బి. యజమాని బండిని డీలర్‌కు అప్పగించినప్పుడు ఫారం 29సితో శాఖకు తెలియజేయాలి. అక్కడి నుంచి ఆ బండికి బాధ్యత డీలర్‌దే. "అన్నా, మీ 29బి ఒకసారి చూపిస్తారా" అని అడగండి. చూపించే డీలర్ దగ్గర మీ పని సులువు. "అదేంటి సార్?" అనే డీలర్ దగ్గర మిగతా కాగితాలు రెట్టింపు జాగ్రత్తతో చూడాలి.

ఆర్సీలోని చాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీద చెక్కిన వాటితో అంకె అంకె పోల్చండి. బ్యాంకు పేరు ఆర్సీలో ఉంటే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 రెండూ కావాలి. "లోన్ క్లోజ్ అయిపోయింది, ఎన్‌ఓసీ వస్తుంది" అంటే వచ్చాకే రమ్మనండి. చలాన్లు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొడితే కనిపిస్తాయి. 2022 మార్చిలోనూ 2023 డిసెంబర్ చివరిలోనూ ప్రభుత్వం చలాన్ల మీద భారీ రాయితీలిచ్చింది. అప్పట్నుంచి చాలామంది మళ్లీ రాయితీ వస్తుందని కట్టకుండా కూర్చున్నారు. ఆ బాకీ మీ నెత్తిన పడకూడదు. ప్లేటు మీద టీఎస్ ఉందా టీజీ ఉందా అన్నది పట్టించుకోవద్దు. 2024 మార్చిలో మారింది కొత్త రిజిస్ట్రేషన్ల అక్షరాలే, పాతవి అలాగే చెల్లుతాయి.

ఢిల్లీ బండి తక్కువకు వస్తుందంటే తక్కువ ఎందుకో తెలుసుకోండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక వయసు మళ్లిన కార్లు దక్షిణాదికి తరలాయి. ఆ రాష్ట్రం ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, మళ్లీ రిజిస్ట్రేషన్, ఇవన్నీ కలిపి లెక్క వేశాకే ఏది చవకో చూడండి.

పేరు మార్పిడిని తేలిగ్గా తీసుకోకండి. చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 ఇందుకే. మీ పాత కారును ఎక్స్ఛేంజ్‌లో ఇస్తుంటే ఇది మీకు మరీ ముఖ్యం. చేతులు మారుతూ పోయిన ఒక కారు 2009లో ప్రమాదం చేస్తే, ఆర్సీలో పేరున్న మొదటి యజమానే పరిహారం చెల్లించాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబర్‌లో ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా పేరు మారకుండా చేతులు మారిందే. పోలీసులు ముందు వెతుక్కుంటూ వెళ్లింది రిజిస్ట్రేషన్ ఉన్న పాత యజమాని దగ్గరికి.

ధర, ఆ ఒక్క కాగితం

డీలర్ మొదట చెప్పే మాట: "కొత్తది పన్నెండు లక్షలు పడింది సార్, మీకు ఎనిమిదికే వస్తోంది." పడింది ఎప్పుడు? 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది, సెస్సు కూడా పోయింది. అందుకే పాత ఇన్‌వాయిస్‌తో పోల్చవద్దు. ఇవాళ అదే మోడల్ కొత్తది ఆన్‌రోడ్ ఎంతో కనుక్కుని దానితో పోల్చండి. తేడా తక్కువగా ఉంటే కొత్తదే కొనడం మేలు. "జీఎస్‌టీ 18 శాతం ఎక్స్‌ట్రా" అని మొత్తం ధర మీద వేస్తే ఒప్పుకోకండి. పాత కారు మీద డీలర్ కట్టేది తాను కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న లాభం మీద మాత్రమే.

ఇప్పుడు ఆ కాగితం. ఒక తెల్ల కాగితం మీద బండి నంబర్, చాసిస్ నంబర్, ఈ రోజు మీటర్ రీడింగ్ రాయండి. కింద ఈ మాటలు: ఈ రీడింగ్ మార్చలేదు. బండి నీట మునగలేదు. పిల్లర్, చాసిస్ మరమ్మతు జరగలేదు. క్యాబ్‌గా తిరగలేదు. అప్పగించిన తేదీ వరకూ ఉన్న చలాన్లు, లోన్ బాధ్యత డీలర్‌దే. పేరు మార్పిడి ఫలానా తేదీలోపు పూర్తి చేస్తారు. పై వాటిలో ఏది తప్పని తేలినా బండి వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు తిరిగి ఇస్తారు. కింద షోరూం ముద్ర, సంతకం. టోకెన్ రసీదు మీద "తర్వాత లోపం తేలితే టోకెన్ తిరిగి చెల్లించబడును" అని రాయించండి.

నిజాయితీగా వ్యాపారం చేసే డీలర్ ఇందులో కొన్ని మాటలు మార్చమంటారు. అది సహజం, కూర్చుని మాట్లాడుకోండి. అసలు దేనిమీదా సంతకం పెట్టనంటే, ఆ బండి గురించి మీకు కావాల్సిన జవాబు వచ్చేసింది. తర్వాత గొడవ వస్తే ఈ కాగితమే మీ ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షలలోపు అయితే జిల్లా కమిషనే వింటుంది. డబ్బంతా బ్యాంకు ద్వారానే కట్టండి, కొంత మొత్తం ఆర్సీ మీ పేరుకు మారాకే ఇస్తానని ముందే ఒప్పించుకోండి. లోన్ మీద కొంటుంటే బ్యాంకు డబ్బు డీలర్ చేతికి వెళ్లిపోయాక పేరు మార్చాలన్న ఒత్తిడి ఆయన మీద ఉండదు కనుక, మీరు చేతి నుంచి ఇచ్చే భాగంలోంచే కొంత ఆపండి.

తాళాలు చేతికొచ్చిన వారంలో

పద్నాలుగు రోజుల్లోపు బీమా కంపెనీకి పేరు మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణ కొత్త యజమానికి దానంతటదే వస్తుంది, మీ సొంత కారుకు జరిగే నష్టానికి అలా రాదు. పాత యజమాని బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియంలో ఆ తేడా కట్టాల్సి ఉంటుంది. పాత ఫాస్టాగ్ మూయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి. రెండో తాళం, సర్వీస్ బుక్కు అడిగి తీసుకోండి.

చివరగా, ఫోన్ యాప్‌తో కలిసే కారైతే షోరూం నుంచి బయటికి రాకముందే ఒక పని చేయించండి. పాత యజమాని ఖాతాను కారు నుంచి తొలగించకపోతే బండి ఎక్కడుందో వాళ్ల ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది, కొన్ని మోడళ్లలో తలుపులు కూడా అక్కడి నుంచే తెరవొచ్చు. స్క్రీన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆర్సీ చూపించి ఖాతాను మీ నంబర్‌కు మార్పించుకోండి.